ఎర్ర తీగతో కుట్టిన చెప్పు

ఆగస్టు 29, సోమవారం

మా అన్నయ్య పేరు రాయి మీదికి ఎక్కుతోంది! వహోమే, గితింజి కొడుకు. అలాగే చెక్కుతారట, ఇంటిపేరుతో సహా! ఇప్పుడే వచెరా ఫోన్ చేసి చెప్పింది. అక్షరాలు గీత దాటి పోతున్నాయి. పోనీ. నాలుగో తరగతి చదివినవాడి రాత ఎవరు చూడొచ్చారు!

ఈ నోటుపుస్తకం కూడా వచెరా ఇచ్చిందే. "పెదనాన్న గురించి గుర్తున్నవి రాసుకో నాన్నా, ఎవరికీ చూపించక్కర్లేదు" అంది. మూడు నెలలుగా ఒక్క ముక్క రాయలేదు. ఏం రాయను? అప్పుడు నేను చిన్నవాణ్ణి. పెద్దగా ఏమీ గుర్తులేదు. ఈరోజు మాత్రం సంతోషం పట్టలేక తెరిచాను.

నా కూతురు! మా అమ్మ పేరు పెట్టుకున్న నా బంగారం! హైస్కూల్లో చరిత్ర పంతులమ్మ, స్మారక కమిటీకి కార్యదర్శి. తెల్లవాళ్ళ మీద పోరాటం జరిగిన రోజుల్లో మా గుట్ట మీది ఊళ్ళలో చనిపోయినవాళ్ళ పేర్లన్నీ ఇల్లిల్లూ తిరిగి అదే పోగేసింది. నలభై ఒక్క పేర్లు. అక్టోబరు ఇరవైన, దేశమంతా వీరుల్ని తలుచుకునే రోజున, బడి పక్క కూడలిలో రాయి నిలబెడతారు.

కమిటీ పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. ప్రతి పేరూ మూడు ఆదివారాలు, చర్చి వదిలాక, సంత మైదానంలో బిగ్గరగా చదవాలి. అభ్యంతరం ఉన్నవాళ్ళు లేచి నిలబడి అందరి ముందూ చెప్పాలి. చాటున గొణిగింది చెల్లదు. మూడు ఆదివారాలూ ఎవరూ లేవకపోతే పేరు ఉలి కిందికి వెళ్తుంది.

మా అన్నయ్య మీద ఎవరు లేస్తారు! తెల్లవాళ్ళు ఊరి చుట్టూ తవ్వించిన కందకం దాటి, చీకటి పడ్డాక, అడవిలో దాగి పోరాడేవాళ్ళకు చిలగడదుంపలు మోసినవాడు. 1954లో సైనికులు చంపి ఏటి ఒడ్డున పడేశారు. ఇరవై రెండేళ్ళు వాడికి.

కాఫీ చెట్ల మధ్య ఎగిరి గంతేశాను. ముకామి పొయ్యి దగ్గర్నుంచి, మా నాన్న పేరు పెట్టుకున్న మా పెద్దవాడి పేరుతో కేకేసింది. "గితింజి వాళ్ళ నాన్నా! నడుం పట్టేసిందంటే నేను రుద్దను, ముందే చెప్తున్నా!"

నలభై నాలుగేళ్ళ కాపురంలో ఆవిడ ఎప్పుడు రుద్దలేదు కనక!

ఆగస్టు 30

నైరోబీలో బస్సు తోలే మా మూడో కొడుకు ఫోన్ చేశాడు. మా అన్నయ్య పేరు పెట్టుకున్నవాడు. మాలో పేరు పెట్టామంటే మనిషి తిరిగొచ్చినట్టే. అందుకే వాడు మాటలు నేర్చిన రోజు నుంచి నేను వాణ్ణి "అన్నా" అంటాను, వాడు నన్ను "తమ్ముడూ" అంటాడు.

"ఏం తమ్ముడూ! నా పేరు రాయి మీద చెక్కుతున్నారంట! నేనింకా బతికే ఉన్నాననైనా చెప్పకపోయావా?"

"చెప్పాను అన్నా! బస్సు నువ్వు తోలే తీరు చూస్తే ఎంతోకాలం ఉండవన్నారు."

వాడి బస్సులో వాళ్ళందరూ నవ్వడం వినిపించింది. పనిలో పనిగా వాళ్ళకీ చెప్పేశాడట, మా పెదనాన్న వీరుడని. నవ్వీ నవ్వీ నా కళ్ళలో నీళ్ళు.

సెప్టెంబరు 4, ఆదివారం

మొదటి చదువు. వచెరా చదివింది. నీలం గౌను, కళ్ళద్దాలు, గొంతు గంటలా. మా అమ్మ ఉంటే చూసి మురిసేది.

ఒక్కో పేరూ ఆగి ఆగి చదివింది. కిబుగి. గథుంబి. మథెంగే. ఆ పేర్లు వచ్చినప్పుడు నాకు దగ్గు వచ్చింది. సెప్టెంబరు చలి. చివర్న "వహోమే, గితింజి కొడుకు" అని చదివింది. ఎవరూ లేవలేదు. నా వీపు ఎంతమంది తట్టారో! భుజం నొప్పి పుట్టేదాకా తట్టారు.

మథెంగే భార్య న్యాగుథీ రాలేదు, మోకాళ్ళ నొప్పులట. మా కంచెకు అవతలే ఉంటుంది. ఆవు లేదు, పిల్లలు లేరు. రోజూ మా ఇంటి నుంచి చెంబెడు పాలు వెళ్తాయి. నలభై ఏళ్ళుగా వెళ్తున్నాయి. ముకామి తీసుకెళ్తుంది. నేను వెళ్ళను, ఆడవాళ్ళ కబుర్ల మధ్య నాకేం పని.

సెప్టెంబరు 11, ఆదివారం

ఇంటికొచ్చి రెండు గంటలైంది. ఇంకా కోటు విప్పలేదు.

ఈసారి న్యాగుథీ వచ్చింది. కర్ర పట్టుకుని, ఇద్దరు ఆడవాళ్ళ ఆసరాతో. నేనే లేచి నా కుర్చీ ఇచ్చి పక్కన బల్ల మీద కూర్చున్నాను. వచెరా పేర్లు చదివింది. మథెంగే పేరు వచ్చినప్పుడు ఆవిడ కర్రతో నేల మీద ఒకసారి కొట్టింది. అన్నయ్య పేరు వచ్చింది.

న్యాగుథీ లేచింది.

"ఆ పేరు వద్దు."

కమిటీ అధ్యక్షుడు ముందుకు వంగాడు. "ఏ పేరు అవ్వా?"

"వహోమే పేరు. నా మొగుడి పేరున్న రాయి మీద వాడి పేరు ఉండకూడదు."

జనంలో గుసగుసలు. ఎవడో కుర్రాడు, "అవ్వా, మోకాళ్ళు నొప్పి కదా, కూర్చుని చెప్పు" అన్నాడు.

"కూర్చుని చెప్తే చెల్లదన్నారు కదరా! నిలబడే చెప్తా. నా మోకాళ్ళు, నా ఇష్టం. గోనెసంచి తొడుక్కుని మా ఆయన్ని చూపించింది వాడే."

మా వయసు వాళ్ళకు ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. ఊరందర్నీ తెల్లవాళ్ళ తరఫు కావలివాళ్ళ ఠాణా ముందు నేల మీద వరసలుగా కూర్చోబెట్టేవారు. తల నుంచి మోకాళ్ళ దాకా గోనెసంచి, కళ్ళకు రెండు కన్నాలు. లోపల మనవాడే ఒకడు. సంచి ఎవరి ముందు ఊగితే వాళ్ళను లేపి లారీ ఎక్కించేవారు. అలా వెళ్ళిన వాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళు తక్కువ.

నా కూతురే అడిగింది. "సంచిలో మొహం కనిపించదు కదా అవ్వా. ఎలా తెలుసు?"

"మొహం ఎవరు చూశారే పిల్లా! తల దించమన్నారు. తల దించుకున్నోళ్ళకి ఏం కనిపిస్తాయి? కాళ్ళు. టైరు చెప్పులు. ఎడమ చెప్పు పట్టీకి ఎర్ర టెలిఫోన్ తీగతో కుట్టు. మా ముందు ఆగాయి. సంచి ఊగింది. ఈ గుట్ట మొత్తమ్మీద ఎర్ర తీగ కుట్టు ఎవడికుంది? సంతలో కూర్చుని వాడే కుట్టుకున్నాడు, అందరం చూశాం. పెద్ద షోకు!"

"మరి అతన్ని సైనికులు చంపారు కదా" అన్నాడు అధ్యక్షుడు.

ఆవిడ నవ్వింది. పళ్ళు లేని నోటితో నవ్వింది. "సైనికులా! అడవికి కబురు పంపింది నేను. ఎర్ర తీగ చెప్పులవాడు మా ఆయన్ని అమ్మేశాడని నేను చెప్పాను. పదో రోజుకి ఏటి ఒడ్డున ఉన్నాడు. మనవాళ్ళే చేశారు, మంచి పని చేశారు. మళ్ళీ చెప్పమంటే మళ్ళీ చెప్తా."

అధ్యక్షుడు ఏదో రాసుకుని, వచ్చే ఆదివారం కుటుంబం తరఫున ఎవరైనా లేచి జవాబు చెప్పాలని, లేకపోతే పేరు కొట్టేస్తామని అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. నేను లేవలేదు. మోకాళ్ళు.

సెప్టెంబరు 12

సైనికులు కాదు.

సైనికులు కాదు.

సెప్టెంబరు 13

ముకామి పాలు తీసుకెళ్ళబోయి, "ఈరోజు కూడా ఇవ్వాలా ఆవిడకి?" అని అడిగింది. ఇవ్వాలి అన్నాను. అరిచినట్టున్నాను.

అప్పుడు నాకు పదిహేనేళ్ళు. చిన్నవాణ్ణి.

సెప్టెంబరు 14, బుధవారం

బడి వదిలాక వచెరా వచ్చింది. టీ తాగలేదు.

"నాన్నా, ఆదివారం దాకా ఎందుకు? పేరు నేనే తీసేస్తాను. కార్యదర్శి వాళ్ళ పెదనాన్నని దూర్చింది అని ఇప్పటికే అంటున్నారు."

"అలా అనకమ్మా."

"పన్నెండేళ్ళుగా పిల్లలకి ఆయన కథ చెప్తున్నాను. ఏటా చెప్తున్నాను. రేపు తరగతిలోకి వెళ్ళి, నేను చెప్పింది తప్పర్రా అని చెప్పాలి. ఒక్క మాట చెప్పు. ఆ చెప్పులు పెదనాన్నవేనా?"

"వాడివే."

"ఎర్ర తీగ?"

"వాడే కుట్టాడు."

"మరింకేం మిగిలింది నాన్నా."

తలగుడ్డ ముడేసుకుని వెళ్ళిపోయింది. గేటు కూడా వెయ్యలేదు, ఎప్పుడూ వేసేది. నేను అక్కడే నిలబడ్డాను. అన్నీ అడిగింది. ఆ రోజు ఆ చెప్పులు ఎవరు వేసుకున్నారు అని మాత్రం అడగలేదు. చరిత్ర చెప్పే పంతులమ్మ, ఇంటింటికీ తిరిగి అందర్నీ వంద ప్రశ్నలు వేసిన మనిషి, అది అడగలేదు.

అడిగి ఉంటే చెప్పేవాణ్ణి.

చెప్పేవాణ్ణేనా?

సెప్టెంబరు 15

మూడోవాడు ఫోన్ చేశాడు. "నాన్నా" అన్నాడు. ముప్ఫై ఏళ్ళలో వాడి నోట ఆ మాట రావడం ఇదే మొదలు.

మా ఊరివాళ్ళెవరో నైరోబీ స్టాండులో చెప్పేశారట. పొద్దున బస్సు ఎక్కేసరికి వాడి సీటుకి గోనెసంచి తొడిగి ఉంది. రెండు కన్నాలు కూడా కోశారట.

"ఊరికే వేళాకోళంలే నాన్నా. నేనూ నవ్వాను. కాకపోతే రేపట్నుంచి నన్ను సైలస్ అనండి. చర్చిలో పెట్టిన పేరు ఉండనే ఉంది కదా. అమ్మకి కూడా చెప్పు."

"వహోమే అంటే ఏమైందిరా?"

"ఏమీ కాలేదు నాన్నా. సైలస్ అనండి."

మా అన్నయ్య రెండోసారి చచ్చిపోయాడు. ఈసారి కూడా నేను చూస్తూ ఊరుకున్నాను.

సెప్టెంబరు 16, శుక్రవారం

రాస్తాను. రాసేస్తే నోటికి అలవాటవుతుంది.

ఆ సంచిలో ఉన్నది నేను.

ఆ నెల నా కాళ్ళకు పురుగులు పట్టాయి. గోళ్ళ కింద దూరి గుడ్లు పెట్టి వేళ్ళు కాయల్లా వాచాయి. నేల మీద ఆనించలేకపోయేవాణ్ణి. అన్నయ్య పొద్దున్నే గుమ్మంలో కూర్చుని, నా పాదం ఒళ్ళో పెట్టుకుని, ముల్లుతో ఒక్కొక్కటీ తీశాడు. "ఏడవకురా, నీకంటే పురుగే ఎక్కువ ఏడుస్తోంది" అన్నాడు. అయిపోయాక తన చెప్పులు విప్పి నా కాళ్ళకు తొడిగాడు. "పుండు మానేదాకా ఇవి నీవి. తీగ ఊడగొట్టావో, నీ తోలుతో కుట్టుకుంటా." వాడు వట్టి కాళ్ళతో గుట్ట అవతలి తోటలో పనికి వెళ్ళాడు, రాత్రికి గానీ రాలేదు.

ఆ మధ్యాహ్నమే అమ్మను పట్టుకున్నారు. ఉడకబెట్టిన చిలగడదుంపల బుట్ట దొరికింది. బుట్ట అన్నయ్యది. అమ్మ తనదే అంది. నేను ఠాణా గేటు దగ్గర నిలబడి ఏడుస్తుంటే అక్కడి పెద్ద లోపలికి పిలిచాడు. మన భాషవాడే. బిస్కెట్టు పెట్టాడు. "పొడుగ్గా ఉన్నావు. సంచి వేసుకుంటే ఎవరికీ తెలీదు. నాలుగైదు చోట్ల తల ఊపు చాలు. సాయంత్రానికి మీ అమ్మ ఇంట్లో ఉంటుంది" అన్నాడు.

ఎవరి ముందు ఊపాలి అని అడిగాను. "నీ ఇష్టం" అన్నాడు.

ఐదుసార్లు ఊపాను. కిబుగి ముందు ఎందుకంటే వాడు చెరకు తోటలో నన్ను కొట్టాడు. గథుంబి ముందు ఎందుకో ఇప్పటికీ తెలీదు. మథెంగే మీద నాకు ఏ కోపమూ లేదు. తల దించమన్నా దించలేదు ఆయన. కన్నాల్లోంచి నా కళ్ళలోకి చూశాడు. గుర్తుపట్టాడేమోనని హడలిపోయాను, ఒళ్ళు వణికింది, సంచి ఊగింది. ఊపానా, ఊగిందా? యాభై ఏడేళ్ళుగా ఊగింది అనే చెప్పుకుంటున్నాను. ఊపాను.

అమ్మ సాయంత్రానికి ఇంటికొచ్చింది. ఎందుకు వదిలారో ఎవర్నీ అడగలేదు.

ఇల్లు కదలకుండా కూర్చుంటే నాలుగు రోజులకు పుండ్లు మానాయి. చెప్పులు అన్నయ్యకు ఇచ్చేశాను. "తీగ ఉందే! బతికిపోయావు" అన్నాడు. అవి వేసుకునే ఊరంతా తిరిగాడు. న్యాగుథీ గుమ్మంలోకి కూడా వెళ్ళి ఉంటాడు, మథెంగే పోయినందుకు పలకరించడానికి.

ఏటి ఒడ్డున వాణ్ణి మొదట చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను. చెప్పులు కాళ్ళకు లేవు. రెండూ పక్కపక్కన, గుండెల మీద పెట్టి ఉన్నాయి. అంత శ్రద్ధగా. సైనికులు ఎగతాళికి పెట్టారని ఊరంతా అంది. నేనూ అన్నాను.

సైనికులకు వాడి చెప్పులతో పనేముంది?

ఈ ప్రశ్న నాకు ఆ రోజే తట్టి ఉండాలి. తట్టింది. తట్టిన వెంటనే దాన్ని ఎక్కడో పాతేశాను, మొన్న ఆదివారం న్యాగుథీ కర్రతో తవ్వేదాకా. "పెద్దగా ఏమీ గుర్తులేదు" అని ఈ పుస్తకంలోనే రాశాను. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధమే రాశాను.

సెప్టెంబరు 17, శనివారం

పొద్దున్నే ముకామికి చెప్పాను. కాఫీ పళ్ళు ఏరుతోంది. పచ్చివి ఒక పక్క, ఎర్రవి ఒక పక్క. నేను చెబుతున్నంతసేపూ చేతులు ఆపలేదు. అయిపోయాక ఆపింది.

"పాలు" అంది.

నాకు అర్థం కాలేదు.

"నలభై ఏళ్ళుగా ఆ పాలు నాతో మోయించావు."

అప్పుడు పళ్ళన్నీ కలిపేసింది, పచ్చివీ ఎర్రవీ. లేచి ఇంట్లోకి వెళ్ళింది. చాలాసేపటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "రేపు మైదానంలో లేస్తావా?" అంది.

"లేస్తాను."

"అయితే ఇది మొదటిసారి అక్కడ వినకూడని వాళ్ళున్నారు. వాళ్ళకి ఇంట్లోనే చెప్పాలి. ముందు న్యాగుథీకి."

"ఆవిడకి ఎలా చెప్పను? చెప్పులు చూసి ఏ పాపం ఎరగనివాణ్ణి తను చంపించిందని తెలిస్తే? ఎనభై దాటిన మనిషి. ఈ వయసులో ఆవిడ నిద్ర చెడగొట్టడం..."

"ఆవిడ నిద్ర చెడుతుందని దాస్తున్నావా, నీది చెడుతుందనా?"

చెంబు నా చేతిలో పెట్టింది. పాలు గోరువెచ్చగా ఉన్నాయి. ఇప్పుడు బల్ల మీద నా పక్కనే ఉన్నాయి, మీగడ కట్టేలోపు వెళ్ళాలి.

ఒక్కటి మాత్రం రాసి వెళ్తాను. నవ్వుకుంటే నవ్వుకోండి, అసలు నవ్వేవాళ్ళు ఎవరున్నారిక్కడ, ఇంత దారుణంలోనూ నాలో ఎక్కడో మొదటి రోజు సంతోషమే మళ్ళీ పొంగుతోంది. మా అన్నయ్య ఏ తప్పూ చేయలేదు! ఎవర్నీ అమ్మలేదు! రాయి మీద ఉండాల్సిన పేరే అది! వచెరా తరగతిలో పన్నెండేళ్ళుగా చెప్పిన కథలో ఒక్క ముక్క అబద్ధం లేదు! ఈ శుభవార్త చెప్పగలవాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే ఉన్నాను. రేపు పదకొండింటిలోపు చెప్పాల్సిన మనవాళ్ళు:

ముకామి. చెప్పాను.

న్యాగుథీ. బంధువు కాదు, అయినా వదినా అనే పిలుస్తాను. పాలు కింద పెట్టి, ఆవిడ కూర్చున్నాక, నేను నిలబడి చెప్పాలి. తిట్టినా కొట్టినా వెంటనే వచ్చేయకూడదు. ఏడిస్తే అసలే రాకూడదు.

గితింజి. పెద్దవాడు, మా నాన్న పేరు. అరుస్తాడు. అరవనివ్వాలి.

ముగో. నకూరులో ఉన్నాడు, ఫోన్లోనే. రెండుసార్లు చెప్పాల్సొస్తుంది, మొదటిసారి నమ్మడు.

చిన్న వరుయి. గితింజి కొడుకు, ఏడేళ్ళు. నా పేరు పెట్టుకుని తిరుగుతున్నాడు పిచ్చి నాయన. వాడికి ఇప్పుడు వద్దు. పదిహేనేళ్ళు వచ్చిన రోజున చెప్పమని వాళ్ళ నాన్నకు చెప్పిపెట్టాలి. ఒక్కరోజు కూడా ఆలస్యం చేయవద్దనాలి.

వచెరా. దానికి చెబితే మా అమ్మకు చెప్పినట్టే. ఈ పుస్తకం కూడా ఇచ్చేయాలి. రాసుకోమన్నది అదే కదా.

వహోమే. రాత్రి బస్సుకి బయల్దేరి తెల్లారేసరికి వస్తానన్నాడు. గేటు దగ్గర నన్ను "నాన్నా" అంటాడు. సైలస్ అని పిలవమంటాడు. పిలవను. "అన్నా" అనే అంటాను. అన్నా, నీ చెప్పులు ఆ రోజు నా కాళ్ళకే ఉన్నాయి.